పదమూడు సేర్ల బిడ్డ

మా పెద్దమ్మాయికి అప్పటికి మూడేళ్ళు నిండి నాలుగు నెలలు. మట్టి తినేది. గోడ గీరి తినేది, పొయ్యి పక్కన రాలిన పెళ్ళలు ఏరుకుని తినేది. మొదట్లో కొట్టాను. తర్వాత నోట్లో వేలు పెట్టి తీశాను. ఆ తర్వాత కొట్టడానికే భయమేసింది. కొడితే ఏడవడానికి ఆ పిల్లకు ఊపిరి చాలేది కాదు. రెండు గుక్కలు ఏడ్చి, మూడో గుక్కకు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయేది. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల గంజి పెట్టిన బట్టలా తెల్లగా ఉండేది.

సిద్దిపేటలో బజారుకు రెండు సందుల వెనక మాది మగ్గాల ఇల్లు. యుద్ధం ముగిసినా నూలు ఇంకా సర్కారు చిట్టీ మీదే దొరికే రోజులవి. వచ్చిన నూలు జోకడం, చుట్టుపక్కల మగ్గాలకు పంచడం మా అత్తమ్మ పని. తరాజు ఆమె చేతిలో ఉంటే ఎవరూ ముల్లు వంక చూసేవారు కాదు, తులం తేడా రాదని అందరికీ నమ్మకం. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. అక్షరాలూ ఎక్కాలూ మా బాపు ఇంట్లోనే ఇసుకలో రాయించి నేర్పాడు. ఆయన పెట్టిన ఆ భిక్షకు రోజూ దీపం పెట్టేటప్పుడు తలచుకుని దండం పెట్టుకుంటాను. ఎక్కాలు రాకపోయి ఉంటే ఆ రోజు నాకు అంత భయం వేసేది కాదు, బిడ్డా దక్కేది కాదు.

శివరాత్రికి ముందు అత్తమ్మ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. పిల్ల కోలుకుంటే దాని ఎత్తు బెల్లం ఇస్తానని. కోలుకునేదాకా ఆగలేదు, ముందే ఇద్దామంది. ఇంట్లోనే దూలానికి పెద్ద తరాజు కట్టించింది. ఒక తట్టలో పిల్లను కూర్చోబెట్టాం. ఇనుప తట్ట చల్లగా ఉందని కింద బొంత మడిచి వేశాను. దేవుడికి ఇచ్చే బిడ్డను బోసికాళ్ళతో కూర్చోబెడతామా అని అత్తమ్మ వెండి కడియాలు తొడిగింది. రెండో తట్టలో బెల్లం ముద్దలు వేస్తూ పోయాం. ముల్లు నిలువుగా నిలిచింది. నేను చేయి తీశాను.

“ఎందుకు ఆపినవే?” అంది అత్తమ్మ.

“సమానమైంది గదా అత్తమ్మా.”

“సమానమా? దేవునితోని బేరమాడుతున్నమా? ఎయ్యి.”

ఇంకో ముద్ద వేశాను. ఇంకోటి ఆమె వేసింది. బెల్లం తట్ట నేలకు ఆనేదాకా వేశాం. పిల్ల పైకి లేచి, ఊగుతూ, ఆ ఒక్కసారి కిలకిలమని నవ్వింది. ఆ తర్వాత బెల్లాన్ని విడిగా జోకితే పదమూడు సేర్లు వచ్చింది. అత్తమ్మ సందంతా చెప్పుకుంది, “నా మనుమరాలు పదమూడు సేర్ల బిడ్డ” అని. అందులో బొంత ఎంత, కడియాలు ఎంత, భక్తి ఎంత అని ఎవరూ అడగలేదు. అడిగే మాట కూడా కాదు. నూలు తులం తేడా రానివ్వని మనిషి దేవుడి దగ్గర ఎంత ఒలికినా తప్పు లేదనుకునేది. నాకూ అదే సబబనిపించింది.

బండి కట్టుకుని పోయి మొక్కు ఇచ్చి వచ్చాం. వైశాఖం వచ్చేసరికి పిల్లకు జ్వరం పట్టుకుంది. తగ్గడం, మళ్ళీ రావడం. ఎత్తుకుంటే చంకలో బట్టమూటలా తగిలేది. ఒకనాడు గడప దాటబోయి కూలబడింది. పెదవులు నీలంగా మారాయి. మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, ఎవరినీ అడగకుండా, పిల్లను భుజాన వేసుకుని దవాఖానకు నడిచాడు. వెనక నేను, నా వెనక గొణుగుతూ అత్తమ్మ.

అప్పుడే కొత్తగా వచ్చిన డాక్టరు ఆయన. యుద్ధంలో సిపాయిలకు వైద్యం చేసి వచ్చాడని చెప్పుకునేవారు. హైదరాబాదు వైపు మనిషి. పిల్ల గోళ్ళు, నాలుక చూశాడు. రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఎంతసేపు వింటే అంత భయమేసింది నాకు.

“ఖూన్ మస్తు తక్కువున్నదమ్మా. కడుపుల పురుగులు తాగుతున్నయ్. పురుగులకు మందు తర్వాత ఇస్త. ముందుగాల ఖూన్ ఎక్కియ్యాలె,” అన్నాడు.

నెత్తురు ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి పోస్తారన్న మాట నేను అదే మొదటిసారి వినడం. అత్తమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. నర్సమ్మ నా వేలు గుచ్చి, పిల్ల వేలు గుచ్చి, గాజుపలక మీద చుక్కలు కలిపింది. నాది పిల్ల దానితో కలవలేదు, ఉప్పు పడిన పాలలాగా గింజలు గింజలుగా విరిగింది. తొమ్మిది నెలలు మోసి కన్నాను, నా నెత్తురు పనికిరాదన్నారు. ఆ మాటకు ఏడవాలో, ఎవరిని అడగాలో తెలియలేదు. మా ఆయనది కలిసింది. దేవుడు ఒక తలుపు మూసినా రెండోది తీశాడని దండం పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, చేతినరం నుంచి ముప్పావు సీసా తీశారు. అందులో ముందే ఏదో మందునీళ్ళు పోసి ఉంచారు, గడ్డకట్టకుండా. ఆ సీసాను తడిబట్ట చుట్టి నీడన ఇసుక తొట్టిలో నిలబెట్టారు. పొద్దెక్కిన కొద్దీ సీసాలో నెత్తురు తేరుకోవడం మొదలైంది. ఎరుపు అడుక్కు దిగింది, పైన పలచని పసుపునీళ్ళు తేలాయి. నా మొగుడి ప్రాణం అట్లా రెండుగా విడిపోవడం చూస్తూ గోడకు ఆనుకుని కూర్చున్నాను.

డాక్టరు సన్న గొట్టంతో పైనీళ్ళు తీసేశాడు. మా ఆయన పడుకునే అడిగాడు, “గది ఎందుకు తీస్తున్రు సాబ్?”

“యుద్ధంల గీ పైనీళ్ళే సిపాయిలకు పోస్తుంటిమి. కిందిది పారబోస్తుంటిమి. మీ పొల్లకు కిందిదే కావాలె. దానికి నీళ్ళు తక్కువ లేవు, ఎర్రది తక్కువున్నది.” సన్న గొట్టం పక్కన పెట్టి మళ్ళీ అన్నాడు. “గిది కూడ లెక్కతోనే పోయాలె. చెంబుల బిందెడు నీళ్ళు పోస్తె ఏమైతది?”

“పొర్లుతది.”

“చెంబైతె పొర్లుతది. ఒంట్ల పొర్లే జాగ లేదు. దాని గుండె ఇప్పటికే అలిసిపోయి ఉన్నది. ఎక్కువైతె ఊపిరితిత్తులల్ల నీరు నిండి మునిగిపోతది, బాయిల పడ్డట్టు. తక్కువైతె మళ్ళ గుచ్చవచ్చు. ఎక్కువైతె మాత్రం తిరిగి తీసుడు నాతోని కాదు.”

ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. తిరిగి తీసుడు నాతోని కాదు.

“పాప బరువు చూడు,” అన్నాడు నర్సమ్మతో. మనిషి నిలబడితే ముల్లు తిరిగే యంత్రం ఒకటి గది మూలన ఉంది. పిల్ల నిలబడలేదు కాబట్టి కూర్చోబెడదామని నర్సమ్మ చేతులు చాపింది. అత్తమ్మ పులిలా లేచి పిల్లను లాక్కుంది.

“సుస్తయిన బిడ్డను జోకుతరా? మీకు పిల్లలు లేరా?”

“ఏమైతది పెద్దమ్మా, జోకితె?”

“జోకేది ఎందుకు? ఇచ్చేటందుకు. సామాను జోకినమంటె ఇచ్చేసినట్టే. దేవుని పేరు మీద జోకితె దేవుడు మల్ల మన చేతుల పెడ్తడు. గీడ జోకితె ఎవడు పెడ్తడు?”

మా ఇళ్ళలో అది గట్టి పట్టింపు. మొక్కుకు తప్ప, పుట్టిన బిడ్డనైనా, సుస్తీ బిడ్డనైనా తరాజు ఎక్కించరు. నర్సమ్మ డాక్టరు వంక చూసింది. వరండాలో నలభై మంది కూర్చుని ఉన్నారు. బయట ఎండ మండుతోంది, ఆ వేడిలో నెత్తురు ఎక్కువసేపు నిలవదని ఆయనే అన్నాడు. విసుగ్గా, “బరువెంతనో మీకేమన్న తెలుసా?” అని అడిగాడు.

“ఎందుకు తెల్వది? పదమూడు సేర్లు. నా చేతులతోని జోకిన,” అంది అత్తమ్మ. ఆ గొంతులో సందంతా చెప్పుకున్న గర్వమే ఉంది.

డాక్టరు పలక అందుకున్నాడు. పైకే అనుకుంటూ రాశాడు. “సేరుకు రెండు పౌన్లు అనుకో. పదమూడు రెండ్లు ఇరవై ఆరు పౌన్లు. పౌనుకు ఐదు గీతల చొప్పున ఇరవై ఆరు ఐదులు…”

నూట ముప్పై. ఆయన నోటి కంటే ముందు నా నోట్లో వచ్చింది, పైకి అనలేదు. ఐదో ఎక్కం నేను నిద్రలో కూడా చెప్పగలను. నూట ముప్పై గీతల దాకా అని పలక మీద రాసి, సీసాకు ఉన్న గీతల దగ్గర ఎర్రదారం కట్టించాడు.

అప్పుడు తట్టింది నాకు. పదమూడు సేర్లలో బొంత ఉంది. వెండి కడియాలు ఉన్నాయి. తట్ట నేలకు ఆనేదాకా మేం పోసిన బెల్లం ఉంది. ఆపైన ఈ జ్వరంలో కరిగిపోయిన ఒళ్ళు ఉంది. ఈ బిడ్డ పదమూడు సేర్లు ఏనాడూ లేదు. రోజూ ఎత్తుకునేదాన్ని నేను, నా చంకకు తెలుసు. పది కూడా ఉండదు. తొమ్మిదైతే పద్దెనిమిది పౌన్లు, తొంభై గీతలు. తొంభైకీ నూట ముప్పైకీ మధ్య నలభై గీతల నెత్తురు ఉంది. చెంబులో బిందెడు.

చెప్పాలి. ఎట్లా చెప్పను? ఇద్దరు మగవాళ్ళున్న గదిలో అత్తమ్మ మాటను కోడలు కాదన్నది మా ఇంట్లో ఇంతవరకు లేదు. అది ఒక భయం. దాని వెనక ఇంకో భయం ఉంది, అది పెద్దది. ఆ తూకం రాజన్న ముందు పెట్టింది. అది నిజం తూకం కాదని ఇక్కడ నోరు విప్పి చెబితే ఆ మొక్కును అబద్ధం చేసినట్టు కాదా? ఇచ్చినదాన్ని తప్పుపట్టిన తల్లికి దేవుడు బిడ్డను తిరిగి చేతుల్లో పెడతాడా? చెప్పకుంటే డాక్టరు చేతిలో పోతుంది, నిజం చెబితే దేవుడి చేతిలో పోతుంది అనిపించింది. “రాజన్నా, నాకు నోరు ఇయ్యి, లేకుంటే నన్ను మూగదాన్ని చెయ్యి, ఏదో ఒకటి చెయ్యి,” అని మనసులో అనుకున్నాను.

నర్సమ్మ మెదకు వైపు మనిషి, క్రీస్తును నమ్మినామె. సూది ఉడికించిన గిన్నె ముందు కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ ఒక్క క్షణం నిలబడింది. ఆమె దేవుడు వేరు, అడుగుతున్నది మాత్రం నా బిడ్డ కోసమే. అది చూశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆమె పక్కకు పోయి చెవిలో చెప్పాను.

“నర్సమ్మా, పదమూడు సేర్లు ఉండదు.”

ఆమె కళ్ళు తెరిచింది. “మరెంత?”

“తెల్వదు. గది మొక్కుకు జోకింది. ఎక్కువ జోకినం.”

“నాకు చెప్తె ఏం ఫాయిదా అక్కా? సారుకు చెప్పు. నేను చెప్తె ఎవరన్నరంటడు.”

డాక్టరు అప్పటికే పిల్ల చీలమండ దగ్గర నరం వెతుకుతున్నాడు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

“సాబ్, ఆగుర్రి. పదమూడు సేర్లు తప్పు.”

అత్తమ్మ తల తిప్పింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే.

“ఏం కూసినవే? నేను తప్పు జోకిన్నా? ముప్పై ఏండ్ల సంది నూలు జోకుతున్న, ఒక్కనాడు ఒక్కడన్న నన్ను అన్నడా?”

“తప్పు జోకలేదు అత్తమ్మా. దేవునికి ఎక్కువ ఏసినం. బొంత కూడ ఉండె. కడియాలు ఉండె.”

“మొక్కుల తప్పు ఎంచుతున్నవా? నోరు పడిపోతది!”

“పడిపోనీ,” అన్నాను. ఏడుపు వచ్చేసింది. “పడిపోనీ అత్తమ్మా. పొల్ల ఉంటె సాలు.”

మా ఆయన బల్ల మీద నుంచి మోచేతి మీద లేచాడు. నెత్తురు ఇచ్చిన మనిషి, ముఖం పాలిపోయి ఉంది. “అవ్వా, జోకనియ్యి,” అన్నాడు.

“ఊహూ. నా పాణం పోయినా బిడ్డను జోకనియ్య.”

డాక్టరు సూది పళ్ళెంలో పెట్టేశాడు. “జోకకుంటె నేను గుచ్చ,” అన్నాడు. గట్టిగా అనలేదు, కానీ అందరికీ అర్థమైంది. పిల్ల నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. ఒక్కో ఊపిరికీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. అత్తమ్మ పిల్ల వంక చూసింది, యంత్రం వంక చూసింది, చివరకు నా వంక చూసింది.

“దీన్ని జోకుర్రి,” అంది నన్ను చూపించి. “దీనికేం రోగం? పుట్టింటి నెయ్యి తిని ఎద్దు తీరుగుంది. బిడ్డనెత్తుకుని ఒకసారి నిలబడుమను, దించి ఒకసారి నిలబడుమను. బిడ్డను తరాజు మీద పెట్టొద్దు. గంతే.”

డాక్టరు ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు. “గదే లెక్క, పెద్దమ్మా.”

“లెక్కనో ఏందో. జోకేది కోడల్ని, బిడ్డను కాదు. దేవుడు సూస్తుండు.”

పిల్లను ఎత్తుకుని ఎక్కాను. ముల్లు ఊగి నూట ఆరు పౌన్ల దగ్గర నిలిచింది. పిల్లను అత్తమ్మ చేతిలో పెట్టి మళ్ళీ ఎక్కాను. ఎనభై ఎనిమిది. డాక్టరు పలక మీద తీసివేశాడు. పద్దెనిమిది. సరిగ్గా తొమ్మిది సేర్లు. ఆయన అరచేత్తో పలక తుడిచి తొంభై అని రాసి, సీసాకు కట్టిన ఎర్రదారాన్ని తానే విప్పి, నలభై గీతల ఇవతల కట్టాడు. ముడి వేసి, గీతలు మళ్ళీ ఒకటొకటిగా లెక్కపెట్టాడు. అంత పెద్ద డాక్టరు రెండోసారి లెక్కపెట్టడం చూసి నాకు మళ్ళీ భయం పట్టుకుంది.

చుక్క చుక్కగా వదిలారు. చుక్కకూ చుక్కకూ మధ్య ఒక నామం చెప్పుకున్నాను. పిల్ల కాలు కదలకుండా అత్తమ్మ రెండు చేతులతో పట్టుకుంది. మధ్యాహ్నం దాటింది. నలభై గీతలయ్యాయి. పిల్ల పెదవుల నీలం కొంచెం తగ్గినట్టు అనిపించింది. నిజమో, నా ఆశో చెప్పలేను. అరవై అయ్యాయి. డెబ్బై దాటాక పిల్ల దగ్గింది.

చిన్న దగ్గు. డాక్టరు పక్క గదిలోంచి పరుగెత్తుకు వచ్చాడు. ఊపిరి వేగమైంది, గొంతులో గురగురమంది. ఆయన సీసా గొట్టం బిగించి చుక్క ఆపేసి, పిల్లను నిటారుగా కూర్చోబెట్టి వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. నేను నామం మరిచిపోయాను. ఏ దేవుణ్ణి పిలవాలో గుర్తు రాలేదు. నర్సమ్మ నా భుజం పట్టుకుంది.

ఎంతసేపో తెలియదు. గురగురలు మెల్లగా తగ్గాయి. పిల్ల తల అత్తమ్మ రొమ్ముకు ఆనించి కళ్ళు మూసుకుంది. ఊపిరి పైకి కిందికి కనబడుతూనే ఉంది, నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

“చాలు. ఇంకొక్క చుక్క వద్దు,” అన్నాడు డాక్టరు. సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. డెబ్బై నాలుగు దగ్గర ఆగింది. “తొంభై కూడ పట్టలేదు. నూట ముప్పై గనక…” అని ఆగిపోయాడు.

పొద్దు వాలే వేళకు పిల్ల కళ్ళు తెరిచి, నా వంక కాదు, వాళ్ళ నాయినమ్మ వంక చూసి నీళ్ళడిగింది. చెంచాతో తడిపితే చాలన్నాడు డాక్టరు. తడిపాను. ఆ రాత్రి గడవాలని, గడిస్తే చాలా వరకు గండం గడిచినట్టేనని చెప్పి వెళ్ళాడు. ఆయన పోయే వైపు నేలకు తల ఆనించి మొక్కాను. నర్సమ్మకు మొక్కబోతే, వద్దు అక్కా అని చేతులు పట్టేసుకుంది.

గదిలో మేం ముగ్గురం, పిల్ల మిగిలాం. మా ఆయన గోడకు ఆనుకుని నిద్రపోయాడు. అత్తమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, సూది గుచ్చిన చోట కట్టిన బట్ట మీద అరచేయి ఉంచి కూర్చుంది. ఉన్నట్టుండి, నా వైపు చూడకుండానే అంది.

“ఆ మాట పదమూడన్నప్పుడే ఎందుకు చెప్పకపోతివి? సూది పట్టుకునేదాక ఎందుకు ఆగినవ్?”

“మీకు భయపడ్డ అత్తమ్మా.”

“నాకు భయపడి బిడ్డను సంపుకుందువా, మొండిదానా?”

ఆమె కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని, “గీడికి జరుగు, నీ ఒళ్ళె పండవెట్టు. నా కాళ్ళు తిమ్మిరెక్కినయ్,” అంది. పిల్లను నా ఒళ్ళోకి మార్చింది. తొమ్మిది సేర్లు. ఎంత తేలికో అంత భయం. తెల్లవారేదాకా దాని రొమ్ము మీద చేయి తీయలేదు. అత్తమ్మ నా చేతి మీద తన చేయి వేసి, ఆమె కూడా తీయలేదు.